పాత కామెడీ డిస్కులు కావాలంటే తిరుపతిలో ఈ అంగడికి పోండి, కానీ తీరిగ్గా పోండి

ఈ కాలంలో డీవీడీ కొనేదేంది, ఫోన్లో అన్నీ ఉండాయి కదా అనే వాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేం అనుకోను. మిగతా వాళ్ళకి మాత్రం ఈ అంగడి సంగతి చెప్పాల్సిందే, ఎందుకంటే బోర్డు చూసి దీన్ని ఎవరూ కనుక్కోలేరు. గాంధీ రోడ్డు నుంచి గోవిందరాజస్వామి గుడి వైపు సందుల్లోకి తిరిగితే, దేవుడి పటాలు, ఇత్తడి సామాన్లు అమ్మే అంగళ్ళ మధ్యలో సెల్ రిపేరింగ్ అని ఒక బోర్డు ఉంటాది. ముందర గ్లాస్ కౌంటర్లో చార్జర్లు, బ్యాక్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు. వెనకాల కర్టెన్ ఒకటి ఉండాది, అది పక్కకి జరిపితే గోడకి గోడ డిస్కులే. వీసీడీలు, డీవీడీలు, కింద అట్టపెట్టెల్లో వీహెచ్ఎస్ క్యాసెట్లు, అన్నిటికీ మించి దుమ్ము. తుమ్ములొచ్చే వాళ్ళు కర్చీఫ్ పెట్టుకోని పోండి.

ఓనరన్నకి యాభై దాటుంటాయి, అందర్నీ సామీ అనే పిలుస్తాడు. మొదట్లో క్యాసెట్లు అద్దెకిచ్చేవాడంట, తరవాత వీసీడీలు, ఆ తరవాత డీవీడీలు, చివరికి సెల్ రిపేరు. డిస్కులు తయారుచేసే మోజర్ బేర్ కంపెనీ వాళ్ళు 2007 ప్రాంతంలో వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34 రూపాయలు అని దిగేసరికి అద్దె యాపారం ఒక్క దెబ్బకి పడిపోయిందంటాడు, కొనేదే అంత చీప్ అయితే అద్దెకి ఎవరు తీసుకుంటారు చెప్పండి. ఆ కంపెనీ కూడా 2018లో దివాలా తీసి లిక్విడేషన్ కి పోయింది, అది వేరే సంగతి. అప్పుడు ఆ రేటుకి ఈయన డజన్ల లెక్కన కొని పెట్టుకున్న సరుకే ఇప్పటికీ గోడ మీద సగం ఉండాది. మిగతా సగం ఇళ్ళు ఖాళీ చేసే వాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. యూనివర్సిటీ క్వార్టర్స్ ఖాళీ చేసిన ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారి పెట్టె అయితే బంగారం, ఇంగ్లీష్ కామెడీలన్నీ అందులో నుంచి వచ్చినవే.

ఇంక డిస్కులు పేర్చిన పద్ధతి. అక్షరాల ఆర్డర్ లేదు, హీరోల లెక్క లేదు, భాష లెక్క కూడా లేదు. కథని బట్టి పేర్చినాడు మనిషి! డిటెక్టివ్ ల వరస అని ఒకటి ఉంది, అందులో మిస్సమ్మ (1955) కనిపిస్తే ఇదేంది ఇక్కడుంది అన్నా. "ఏఎన్నార్ అందులో డిటెక్టివే కదా సామీ" అన్నాడు. నిజమే కదా, మనకి ఎన్టీఆర్, సావిత్రి, పాటలే గుర్తుంటాయి గానీ మొత్తం గుట్టు లాగే పని ఆ మనిషిదే. దాని పక్కన చిరంజీవి చంటబ్బాయ్ (1986), ఆ పక్కన పీటర్ సెల్లర్స్ పింక్ పాంథర్. పిసినారుల వరస, అద్దె ఇళ్ళ వరస (ఇల్లు కోసం నరేష్ ఆడవేషం వేసే చిత్రం భళారే విచిత్రం అందులోనే), సినిమా పిచ్చోళ్ళ వరస. తమిళం డిస్కులు కూడా వాటిల్లోనే కలిసిపోయి ఉంటాయి, మన చిత్తూరోళ్ళకి అది ఇబ్బంది కాదు కదా, నగేష్ కామెడీకి మనకి సబ్‌టైటిల్స్ ఎందుకు. కాదలిక్క నేరమిల్లై (1964) పక్కనే దాని తెలుగు ప్రేమించి చూడు (1965) పెట్టినాడు, రెండూ కలిపి తీసుకుంటే రేటు తగ్గిస్తాడు కూడా.

నాకు బాగా నచ్చింది హోటళ్ళ వరస. ఊరంతా లాడ్జీలు, భోజనం హోటళ్ళు ఉండే తిరుపతిలో ఇట్లాంటి వరస లేకపోతేనే ఆశ్చర్యం. సింగీతం గారి పుష్పక విమానం (1987) ఉంది, బెంగళూరు విండ్సర్ మానర్ హోటల్లో తీసింది, సినిమా అంతా ఒక్క డైలాగు లేదు. ఆ డిస్క్ అట్ట వెనక చిన్న అక్షరాలతో సబ్‌టైటిల్స్ ఇంగ్లీష్ అని అచ్చేసి ఉండాది, చూసి నవ్వాగలేదు, మాటే లేని సినిమాకి సబ్‌టైటిల్ ఏం వేస్తారో. దాని పక్కన బీబీసీ వాళ్ళ ఫాల్టీ టవర్స్. ఇది చూడని వాళ్ళకి చెప్తున్నా, జాన్ క్లీస్ ఒక హోటల్ ఓనర్, వచ్చిన గెస్ట్ ని తిట్టడమే పని, పెళ్ళాం అంటే వణుకు, మాన్యుయెల్ అని స్పెయిన్ నుంచి వచ్చిన సర్వర్ కి ఇంగ్లీష్ సరిగ్గా రాదు, ఏం చెప్పినా ఇంకోటి చేస్తాడు. 1970లో క్లీస్ వాళ్ళ కామెడీ బృందం మాంటీ పైథాన్ ఇంగ్లండ్ లో టార్కీ అనే ఊర్లో ఒక హోటల్లో దిగినప్పుడు ఆ ఓనర్ వరస చూసి క్లీస్ కి వచ్చిన ఐడియా అది. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం 12 ఎపిసోడ్లు తీసి ఆపేసినారు. సీజన్ కి సీజన్ సాగదీసే ఈ రోజుల్లో 12 తో ఆపడం అంటే మాటలా. దర్శనానికి వచ్చిన వాళ్ళకి రూము చూపించేటప్పుడు మన లాడ్జి కౌంటర్ల దగ్గర జరిగే గొడవలు చూసుంటారు కదా, వేడి నీళ్ళు ఎన్నింటికి, చెక్ అవుట్ 24 గంటలా కాదా, అవన్నీ తెలిసిన వాళ్ళకి ఈ సీరియల్ ఇంకా బాగా ఎక్కుతాది.

అదే వరసలో ఒక ఖాళీ జాగా ఉంది. అమృతం కోసం అంట! జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా వచ్చింది, గుణ్ణం గంగరాజు గారిది, అమృతం, ఆంజనేలు హోటల్ పెట్టి నానా పాట్లు పడేది. ఎవరైనా వచ్చి అమృతం సెట్ ఉందా అనడిగితే ఈయన "యూట్యూబ్ లో ఊరికే ఉంది సామీ, పోయి చూసుకోండి, డబ్బులెందుకు దండగ" అని పంపించేస్తాడు. పెన్‌డ్రైవ్ లో ఎక్కించి వంద గుంజుకునే వాళ్ళు ఊర్లో ఉండగా ఈయన మాత్రం అట్లా చెయ్యడు. అక్కడే నాకు ఈ అంగడి మీద నమ్మకం కుదిరింది.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడ ఏ డిస్క్ అయినా ఆడించి చూపించకుండా అమ్మడు. ముందు డిస్క్ ని తిప్పి కింద వైపు చూపిస్తాడు, వెండి రంగులో ఉంటే ఫ్యాక్టరీలో ప్రెస్ చేసింది, ఊదా రంగు కొడతా ఉంటే ఎవరో కంప్యూటర్లో కాల్చింది, రెండోది ఎక్కువ కాలం ఉండదు అని చెప్పేస్తాడు. తరవాత ట్యూబ్‌లైట్ కి అడ్డం పెట్టి చూస్తాడు, లోపలి వెండి పూత లేచిపోయి సూది మొన అంత బొక్కలు ఉంటే వెలుతురు కనపడుతుంది. మెత్తటి గుడ్డతో మధ్యలో నుంచి అంచు వైపు నేరుగా తుడుస్తాడు, గుండ్రంగా తుడిస్తే గీత ట్రాక్ వెంబడి పడి ప్లేయర్ కి చదవడం కష్టమవుతుందంట. ఆ తరవాత చిన్న టీవీలో పెట్టి మొదటి సీన్ కాదు, చివరి అర్ధగంట ఆడిస్తాడు. ఎందుకంటే లేజరు లోపలి నుంచి బయటికి చదువుతా పోతుంది, మన చేతులు, గీతలు అన్నీ పడేది బయటి అంచుకి, కాబట్టి పాడైన డిస్క్ మొదటి రెండు గంటలు బ్రహ్మాండంగా ఆడి క్లైమాక్స్ లో చతికిలబడుతుంది. కామెడీ సినిమాలో ముడులన్నీ విప్పేదే అక్కడ, అందరూ ఒకే ఇంట్లో చేరి గుట్టు బయటపడే టైంలో బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోతే ఎట్లుంటాదో ఆలోచించండి. వేరే చోట కొన్నవి నావి ఇట్లా పోయినాయి చాలా.

త్రీ ఇన్ వన్ డిస్కులు తీసుకోవద్దని ఆయనే చెప్తాడు, నేను కూడా చెప్తున్నా. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ, మన పాత సినిమాలు ఒక్కోటి రెండున్నర మూడు గంటలు, అట్లాంటివి మూడు కుక్కితే ఇంక బొమ్మలో ఏముంటాది, మొహాలు మైనం ముద్దల్లాగా ఉంటాయి. కామెడీలో మొహమే కదా సగం. సూర్యకాంతం కళ్ళు తిప్పేది, రమణారెడ్డి మెడ సాగదీసేది కనపడకపోతే ఇంక గుండమ్మ కథ చూసి ఏం లాభం. రెండో లేయర్ ఉన్న 8.5 జీబీ డిస్కులో ఒక్క సినిమానే ఉంటే అది తీసుకోండి, పది ఇరవై ఎక్కువైనా. వీసీడీలు మాత్రం ఏదో జ్ఞాపకానికి తప్ప చూడటానికి పనికిరావు, 352 బై 288 బొమ్మని ఇప్పటి 43 అంగుళాల టీవీలో వేస్తే కళ్ళు పోతాయి. మా అమ్మకి మాత్రం వీసీడీయే ఇష్టం, సినిమా రెండు మూడు డిస్కులుగా ఉంటాది కాబట్టి మార్చేటప్పుడు పొయ్యి మీద కూర చూసి రావచ్చంట.

మాయాబజార్ గురించి ఒక ముక్క చెప్పకపోతే ఎట్లా. ఈయన దగ్గర రెండు రకాలుంటాయి, 1957 నాటి నలుపు తెలుపు, 2010లో రంగులేసి వదిలిన వెర్షన్. పిల్లలకి చూపించాలంటే రంగులది తీసుకోండి తప్పులేదు, వాళ్ళు కూర్చుంటారు. కానీ అందులో నిడివి తగ్గించినారు, పాత దాంట్లో ఉన్నవన్నీ ఉండవు. అదీ కాక కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ ఆ వెన్నెల తీసింది నలుపు తెలుపులో, ఆ నీళ్ళ మీద మెరుపు రంగుల్లో కొంత చచ్చిపోతుంది, నా అభిప్రాయం మాత్రమే, రంగుల వెర్షన్ బాగుందనే వాళ్ళతో కొట్లాడే ఓపిక నాకు లేదు. ఎస్వీ రంగారావు భోజనం సీను మాత్రం ఏ రంగులో చూసినా ఆకలేస్తాది.

ఇంకోటి, డిస్క్ కవర్ మీద నిడివి కొంచెం తక్కువ రాసుంటే సీన్లు కట్ చేశారని వెంటనే గొడవ పెట్టుకోకండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మన దేశంలో వాడే పాల్ అనే టీవీ సిస్టం డిస్క్ ఆడేది 25, అందువల్ల నూటికి నాలుగు నిమిషాలు తగ్గుతాది. మూడు గంటల సినిమాకి ఏడెనిమిది నిమిషాలు తేడా అంటే అది మామూలే. అంతకంటే ఎక్కువ తగ్గితే మాత్రం పాటలు లేపేసినట్టే. చాప్లిన్ డిస్కులు కొనేటప్పుడు కూడా చూసుకోవాల, గోల్డ్ రష్ 1925లో వచ్చింది ఒకటి, చాప్లినే 1942లో టైటిల్ కార్డులు తీసేసి తన గొంతుతో కథ చెప్తా మళ్ళీ వదిలింది ఇంకోటి, రెండోది చిన్నది. అట్ట మీద బొమ్మ ఒకటే ఉంటాది, లోపల ఏదుందో ఆడిస్తే గానీ తెలీదు. ఇక్కడ ఆడిస్తాడు కాబట్టి బాధ లేదు.

సరే, యూట్యూబ్ లో ఊరికే వచ్చేదానికి ఇంత తతంగం ఎందుకు అంటే నా జవాబు ఒకటే. మనం పాత కామెడీలు చూడటం మానేసి ముక్కలు చూస్తా ఉన్నాం. అహ నా పెళ్ళంటలో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి దాన్ని చూస్తా అన్నం తినే సీను చూడని తెలుగోడు లేడు, కానీ సినిమా మొత్తం మొదటి నుంచి చివరి దాకా కూర్చోని చూసినోళ్ళని చేతులెత్తమనండి చూద్దాం, మా ఆఫీసులో కుర్రోళ్ళు ఒక్కడూ ఎత్తలేదు. ఆ ఇంట్లోకి రాజేంద్రప్రసాద్ అడుగుపెట్టి ఆయన కంటే పెద్ద పిసినారి అని నమ్మించడానికి పడే తిప్పలు వరసగా చూస్తేనే ఆ కోడి సీను అంత పేలుతాది. జంధ్యాల గారిది మెట్టు మెట్టుగా ఎక్కించే కామెడీ. శ్రీవారికి ప్రేమలేఖ (1984)లో శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పడం మొదలుపెడితే టైటిల్స్ దగ్గర నుంచి చెప్తుంది కదా, అది ముప్ఫై సెకన్ల రీల్ గా కట్ చేస్తే నవ్వొస్తాది, కానీ వినేవాళ్ళ అవస్థ ఉండదు. అవతల మనిషి నోరు మూసుకోని భరించే ఆ నాలుగు సెకన్ల నిశ్శబ్దం ఉందే, రీల్ కట్ చేసేవాడు మొదట లేపేసేది దాన్నే. టీవీ ఛానల్ వాళ్ళైతే ఇంకా ఘోరం, డైలాగు వేసి జవాబు వచ్చే లోపల సబ్బు యాడ్. పైగా దాదాపు చతురస్రంగా ఉండే పాత బొమ్మని ఇప్పటి టీవీకి సరిపోవాలని పక్కలకి లాగుతారు, రేలంగి ఇంకా లావైపోతాడు, పద్మనాభం గుర్తు పట్టలేము. డిస్క్ లో ఆ పాట్లు లేవు, అయితే కొన్ని కంపెనీలు సినిమా అంతసేపూ మూలకి తమ లోగో అతికించి పెడతాయి, అది ఎవరూ ఏం చెయ్యలేరు.

ఇక్కడ ఇంకో సర్వీసు కూడా ఉంది, పాత క్యాసెట్లు ఫైలుగా మార్చిస్తాడు. ఎక్కువగా పెళ్ళి వీడియోలకి వస్తారు జనం. నేను మా మేనమామ దూరదర్శన్ నుంచి రికార్డు చేసి దాచుకున్న టేపులు ఇచ్చినా. అందులో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి ఆనందోబ్రహ్మ ముక్కలు ఉండాయి, సినిమాల్లోకి రాకముందు ఆయనకి పేరు తెచ్చిన సీరియల్. టేపు కిటికీలో నుంచి చూస్తే తెల్లగా పొడి పట్టుంది, అది ఫంగస్ అంట, అట్లాగే వీసీఆర్ లో పెడితే హెడ్ పాడై తరవాత పెట్టే క్యాసెట్లకి కూడా అంటుకుంటాదని ముందు స్క్రూలు విప్పి శుభ్రం చేసినాడు. మూడు గంటల టేపు అంటే మూడు గంటలు ఆడాల్సిందే, షార్ట్‌కట్ లేదు, అందుకే వెంటనే ఇవ్వడు. టేపుకి 300 తీసుకున్నాడు. బొమ్మ అడుగున గీతలు వణుకుతా ఉంటాయి, సౌండ్ లో హుమ్మని ఒక రొద, అయినా ధర్మవరపు గొంతు స్పష్టంగా ఉంది. మా మామ యాడ్స్ వచ్చినప్పుడల్లా పాజ్ నొక్కి మళ్ళీ వదిలేవాడు, చేయి ఆలస్యమైన ప్రతిసారీ తరవాత సీన్లో మొదటి మాట మింగేసి ఉండాది, రెండు చోట్ల జోకే పోయింది. ఇంటికి తెచ్చి పెడితే మామ అది చూసి ఆ పోయిన మాటలు నోటితో చెప్పినాడు, అంత గుర్తుంది ఆయనకి.

బాగాలేనివి కూడా చెప్పాల కదా. రేట్లు రాసి ఉండవు, మొహం చూసి చెప్తాడు. తెలుగు డీవీడీ 80 నుంచి 150, బయటి దేశం నుంచి వచ్చినవి 400 పైన. ఏదో ఒక సినిమా గురించి కాసేపు మాట్లాడితే తనే తగ్గిస్తాడు, బేరం ఆడితే మాత్రం మొండికేస్తాడు. కర్టెన్ వెనక ఫ్యాన్ లేదు, ఎండాకాలంలో పది నిమిషాలు నిలబడితే చొక్కా తడిసిపోతాది. నలుపు తెలుపు డిస్కుల్లో చాలా వాటికి అట్టలు ఎలుకలు కొరికినాయి, గిఫ్టుగా ఇచ్చేదానికి పనికిరావు. కొన్నాక వాపసు లేదు, ఆడించి చూపించినా కదా అంటాడు, అది న్యాయమే అనుకోండి. సెల్ రిపేరుకి ఎవరైనా వస్తే మనల్ని అక్కడే వదిలేసి పోతాడు, సాయంత్రం ఆరు దాటితే అదే పని, బ్రహ్మోత్సవాల టైంలో అయితే ఆ సందులోకి బండి కూడా రాదు, అప్పుడు పోవద్దు. పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట లోపల పోతే మనిషి తీరిగ్గా దొరుకుతాడు.

బయటి డిస్కులు కొనే వాళ్ళు ఇంట్లో ప్లేయర్ ఏదో ముందే చెప్పండి. ఏ డీవీడీ ఏ దేశాల్లో ఆడాలో కంపెనీ వాళ్ళు వేసే తాళాన్ని రీజియన్ అంటారు, ఇంగ్లండ్ డీవీడీలకి రీజియన్ 2, మన దేశానిది 5, కంపెనీ ప్లేయర్లు కొన్ని రీజియన్ తప్పు అని బయటికి నెట్టేస్తాయి. చైనా ప్లేయర్లు చాలా వరకు ఏదైనా ఆడిస్తాయి. కొన్నిటికి రిమోట్ లో ఏదో నంబర్ నొక్కితే ఆ తాళం పోతుంది, అది కూడా ఈయనే చేసిస్తాడు, దానికి డబ్బులు తీసుకోలేదు నా దగ్గర. పాత ప్లేయర్ల లెన్స్ శుభ్రం చేసి బెల్టు మార్చి అమ్మేవి కూడా ఉంటాయి, 900 చెప్పినాడు ఒకటి, నేను ఇంకా తీసుకోలేదు, ఉన్నది ఆడుతున్నంత కాలం ఎందుకని.

నా మార్కులు 5కి 4. ఒకటి తగ్గించింది ఆ ఉక్కపోతకి, ఎలుకలకి. ఫాల్టీ టవర్స్ నాకు మొదటి ఆరు ఎపిసోడ్ల డిస్కే దొరికింది, రెండోది ఆ ప్రొఫెసర్ గారి పెట్టెలో లేదంట. అది ఎక్కడైనా వస్తే నాకు ఫోన్ చెయ్యమని నంబర్ ఇచ్చి వచ్చినా, కాబట్టి దాని కోసం అయితే మీరు పోవద్దు, మిగతావి ఏవైనా తీసుకోండి.